మా బొమ్మలకొలువులో బాంబరు విమానము

బాంబులు మోయు యంత్రములకు స్త్రీల పేర్లు పెట్టిన కాలమొకటి కలదని మన సోదరీమణులలో చాలమందికి తెలిసియుండదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జపానువారి విమానముల పేర్లు పలుకుటకు నోరు తిరుగక అమెరికా, ఆస్ట్రేలియా సైనికులు ఇక్కట్లు పడుచుండిరి. 1942లో ఆస్ట్రేలియాయందు పనిచేయుచుండిన అమెరికా సైనికాధికారి ఫ్రాంక్ మెక్కాయ్ అను నాతడు దీనికొక సులభోపాయము కల్పించెను. శత్రువిమానములతో తలపడు ఫైటరులకు పురుషుల పేర్లు, బాంబులు మోయు వానికి స్త్రీల పేర్లు, శిక్షణకు వాడు వానికి చెట్ల పేర్లు పెట్టించెను. ఈ విధముగా బెట్టీ, శాలీ, నెల్, లిల్లీ, కేట్ అను పేర్లు ఆకాశమున విహరింపసాగెను. మన పద్ధతిలో చెప్పవలెనన్న, "అదిగో సుబ్బులు వచ్చుచున్నది, గోతిలో దాగుడు" అని కేకవేయుట వంటిదే ఇదియు. ఆ పేర్లు పెట్టునప్పుడు స్త్రీల నెవరును అడిగియుండరు.

అట్టి కేటు మొన్న సంక్రాంతికి నెలదినములు ముందుగా గుడివాడలోని మా యింట దిగినది. పదునొకండేండ్ల మా కుమారునికి వాని మేనమామ హైదరాబాదునుండి తెచ్చి యిచ్చిన అట్టపెట్టెలో బూడిదరంగు ప్లాస్టిక్కు చట్రములు కొన్ని, వానికి కాయలవలె అంటుకొనియున్న సన్నని భాగములు అనేకములు, మరియొక కాగితముమీద ముద్రింపబడిన ఎఱ్ఱని గుండ్రని గుర్తులు ఉండెను. పెట్టెమీద బొమ్మను చూచి మేము ఏదో విమానమని మాత్రమే అనుకొంటిమి. తమ్ముడు చెప్పగా తెలిసినది: అది నకజిమా కంపెనీవారి బి-5-ఎన్ అను జపాను బాంబరు. మొదట 1937లో ఎగిరినది. ఆ సంవత్సరము జపాను రాజశకమున 2597 అగుటచే దానిని వారు తొంబదియేడవ రకమని పిలిచిరి. శత్రువులు దానికి పెట్టిన పేరే కేట్. 1941 డిసెంబరు 7న పర్ల్ హార్బరుమీద పడిన విమానములలో ఈ జాతివి అనేకములు. వేయికి మించి తయారైన ఈ జాతిలో నేడు ఎగురగలిగినది ఒక్కటియు మిగిలియుండలేదు. 1970లో పర్ల్ హార్బరు దాడిని చలనచిత్రముగా తీసినవారు అమెరికా శిక్షణవిమానములకే మార్పులు చేసి కేటుల వేషము వేయించవలసివచ్చెను. జపానుదేశపు హసెగావా, ఇంగ్లండుదేశపు ఎయిర్‌ఫిక్స్ వంటి బొమ్మల కంపెనీలు మాత్రము దాని రేకుల అతుకులతో సహా కొలిచి చిన్న రూపములో దానిని బ్రతికించి ఉంచినవి.

మా వానికి వచ్చినది అసలు విమానములో 72వ వంతు. ఏబదియొక్క అడుగుల రెక్కలు ఎనిమిదిన్నర అంగుళములైనవి. ఈ డెబ్బదిరెండు అను లెక్క ఎక్కడినుండి వచ్చినదని విచారించితిమి. ఆరు అడుగులకు ఒక అంగుళమన్నచో డెబ్బదిరెండవ వంతగును. యుద్ధకాలమున ఆకాశమున పోవు విమానము మనదో శత్రువులదో ఆనవాలు పట్టుట నేర్పుటకు ఈ కొలతలోనే నమూనాలు చేయించిరట. 1942 ఆరంభమున అమెరికా నౌకాదళమువారు పాఠశాల విద్యార్థులచేత అయిదు లక్షల కొయ్యవిమానములు చేయింప పూనుకొనిరి. ముప్పదియైదు అడుగుల దూరమున పట్టుకొనిన ఆ బొమ్మ, అరమైలు దూరముననున్న అసలు విమానమువలె కనబడును. పిల్లల యాటకు అనుకొన్న కొలత యుద్ధపు పాఠమునకును పనికివచ్చినదన్నమాట.

ఈ విమానము కూర్చుట మన వంటింటి పనులకు చాల దగ్గరగా నుండుట మమ్ము ఆశ్చర్యపరచెను. మొదట చట్రములను గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. అచ్చునకు పూసిన జిడ్డు పోనిచో రంగు పట్టదు. ఒక్కొక్క భాగమును జాగ్రత్తగా కత్తిరించి, అంచులను గరుకు కాగితముతో నునుపు చేయవలెను. జిగురు ఆరువరకు రెండు ముక్కలను కలిపి పట్టుటకు మా దండెముమీది బట్టల క్లిప్పులు, కూరలపొట్లాల రబ్బరుబాండ్లు మాయమైనవి. ఆవగింజంత భాగములను చీపురుపుల్ల చివరన తడిచేసి ఎత్తుట మేమే నేర్పితిమి. జిగురు ఘాటైనది గనుక కిటికీలు తెరచి మాత్రమే పని చేయనిచ్చితిమి. రంగులు వేయునపుడు పైభాగము ముదురాకుపచ్చ, అడుగుభాగము లేత బూడిదరంగు. పైనుండి చూచువానికి అడవిలోనో సముద్రములోనో కలిసిపోవలెను, క్రిందినుండి చూచువానికి ఆకాశములో కలిసిపోవలెను. అందుకీ రెండు రంగులని మావాడు చెప్పెను.

చివరకు ఎఱ్ఱని గుర్తులను నీటిలో నానబెట్టి, కాగితముపైనుండి మెల్లగా జార్చి రెక్కలమీద అతికించుచుండగా మా అత్తగారు వచ్చి ప్రక్కన కూర్చుండిరి. వారు తొంబదియేండ్లకు చేరువైనవారు. చూపు మందగించినది కాని వేలితో తడిమి దేనినైనను పోల్చుకొందురు. రెక్కమీది ఎఱ్ఱని గుండ్రమును చూచి, "దీనికి బొట్టు కూడా పెట్టారేమిట్రా?" అని అడిగిరి. మావాడు నవ్వి, అది జపానువారి సూర్యుని గుర్తు మామ్మా అని చెప్పెను. జపాను అను మాట వినగానే వారు వేలు వెనుకకు తీసికొనిరి. ఆ రాత్రి అన్నము సరిగా తినలేదు.

మరునాడు వారు చెప్పిన సంగతి మేము ముప్పదియేండ్లుగా ఆ యింట కోడలిగా మసలియు విననిది.

మా అత్తగారి పుట్టినిల్లు కాకినాడలో జగన్నాథపురము. వారి తండ్రిగారు ఓడల సరుకులకు లెక్కలు వ్రాయు గుమాస్తా. 1942 ఏప్రిలు 6వ తేది సోమవారము, వారికప్పుడు ఏడేండ్లు. ఆ దినమున ర్యూజో అను జపాను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు కాకినాడమీదను విశాఖపట్టణముమీదను బాంబులు వేసినవి. ఆ నౌకమీద నుండిన బాంబరులు ఈ తొంబదియేడవ రకమువే. ముందటి దినము, అనగా ఈస్టరు ఆదివారమున, మరియొక జపాను నౌకాదళము కొలంబోమీద దాడి చేసెను. అడ్మిరల్ ఒజావా నడిపిన దళము ఆ కొద్దిదినములలోనే బంగాళాఖాతమున ఇరువదికి పైగా వర్తకనౌకలను ముంచెను. విశాఖ మ్యూజియములో నేటికిని నాటి జపాను బాంబు డొల్ల యొకటి ప్రదర్శనకు ఉంచియున్నది.

అత్తగారికి ఈ పేర్లేవియు తెలియవు. వారికి జ్ఞాపకమున్నది వడియములు. "చైత్రంలో ఎండ బాగుంటుందని అమ్మ డాబా మీద పాతచీర పరచి నాలుగు వరుసలు పిండివడియాలు పెట్టింది. కాకులు రాకుండా నన్ను కాపలా కూర్చోబెట్టింది. మోత వినిపించింది. అటువంటి మోత ముందెప్పుడూ వినలేదు. కాకులన్నీ ఒక్కసారే లేచిపోయినై. నాకు సంతోషం వేసింది, ఇంక కాపలా అక్కర్లేదని." తరువాత తల్లి వచ్చి చేయి పట్టి లాగికొనిపోయినదట. ఆ సాయంకాలమే తల్లి, ముగ్గురు పిల్లలు, ఒక ట్రంకుపెట్టె, ఒక బిందె బయలుదేరిరి. సామర్లకోటలో బండి మారి, కిక్కిరిసిన పెట్టెలో బెజవాడ మీదుగా గుడివాడ దాటి బందరు చేరిరి. అక్కడినుండి చల్లపల్లి మీదుగా పోయి, ఎండకు సన్నగిల్లిన కృష్ణపాయను దాటి, దివిసీమలో కోడూరు దగ్గరి పల్లెయందలి మేనమామగారి యింట చేరిరి. దారి పొడుగునను ఆ తల్లి బాంబుల మాట ఎత్తలేదట. "వడియాలు ఎత్తకుండా వచ్చేశానే" అని మాత్రము పలుమారు అనుకొనుచు వచ్చినదట.

ఆ వేసవిని తీరమంతయు ఇట్లే కదలినది. మద్రాసునుండి ప్రభుత్వ కార్యాలయములు లోపలి ఊళ్లకు తరలినవి. బాంబులు పడి బోనులు విరుగునేమోయని అక్కడి జంతుశాలలోని క్రూరమృగములను కాల్చివేసిరి. అంతకు ముందే, 1941 డిసెంబరు 23న రంగూనుమీద బాంబులు పడినప్పటినుండి, బర్మాకు కూలికి పోయిన మన తెలుగువారు ఓడలమీదను, ఓడలు దొరకనివారు అరకాను కొండదారుల కాలినడకను తిరిగి రాసాగిరి. చరిత్ర పుస్తకములు ఈ వలసలను చెప్పును కాని, వచ్చినవారికి అన్నము వండినవా రెవరో చెప్పవు. మా అత్తగారి మేనమామ యింట ఆ నాలుగు నెలలు పదునాలుగురు భోజనము చేసిరట. మేనత్త రెండవ కోడికూతకే లేచి పొయ్యి రాజేయుచు, ఒక్కనాడును విసుగుకొనలేదట. కాని అటుపిమ్మట ఆమె నడుము నిలువలేదట. తండ్రిగారు కాకినాడలోనే ఉండిపోయిరి. పదునెనిమిది దినములు ఆయన క్షేమము తెలియలేదు. ఉత్తరము వచ్చిన దినమున తల్లి దానిని చదివించుకొని, మొదట అడిగిన మాట, "వడియాల సంగతి ఏమైనా రాశారా?" అని. ఆ మాటకు ఇంటిల్లిపాదియు నవ్విరట. ఆమె మాత్రము ఏడ్చినదట.

ఈ కథ విన్న తరువాత మాకు పెద్ద చిక్కు వచ్చిపడెను. మావాడు విమానమును సంక్రాంతి బొమ్మలకొలువులో పెట్టవలెనని మొదటినుండి ముచ్చటపడుచున్నాడు. మా కొలువులో మెట్లపైని కొండపల్లి దశావతారములు, అంబారి ఏనుగు, తాడిచెట్టెక్కు మనిషి, చల్లచిలుకు గొల్లభామ ఉన్నవి. తెల్లపొణికి కఱ్ఱతో చెక్కి, చింతగింజల జిగురుతో అతికిన ఆ బొమ్మలలో పెద్ద భాగము అత్తగారు కాపురమునకు వచ్చినప్పుడు తెచ్చుకొన్నవి. వాని నడుమ ఈ విమానమును పెట్టుట వారి మనస్సును నొప్పించుట కాదా? పెట్టవద్దన్నచో, నెలదినములు కన్నులు చిట్లించి కూర్చిన పిల్లవాని ముఖము చూడగలమా? మేము ఎటూ చెప్పలేక రెండు దినములు ఊరకుంటిమి.

తీర్పు వారే చెప్పిరి. "రావణాసురుణ్ణి పెట్టటం లేదా కొలువులో? పెడతాం. కాని ఒంటరిగా పెట్టం. సీతమ్మనూ పెడతాం. దీన్ని ఒక్కదాన్నీ ఎట్లా పెడతారు?" అనిరి. పిమ్మట విమానమును చేతిలోనికి తీసికొని, పొడవైన గాజుకప్పు క్రింద వరుసగా కూర్చున్న ముగ్గురు మనుష్యులను వేలితో తడిమి, "వీళ్ళు ముగ్గురూ ముందుకే చూస్తున్నారు. కిందికి చూసేవాడెవడు?" అని అడిగిరి. నడుమ కూర్చున్నవాడే బాంబులు వేయునపుడు అడుగుననున్న కిటికీలోనుండి క్రిందికి చూచునని మావాడు చెప్పెను. "అయితే వాడికి నేను కనిపించానంటావా?" అని వారడిగిరి.

పిల్లవాడు దానికి జవాబుగా లెక్క వేసెను. పర్ల్ హార్బరునందు సమముగా ఎగురుచు బాంబులు విడిచిన కేటులు సుమారు పదివేల అడుగుల ఎత్తున నుండెను. దానిని డెబ్బదిరెండుచే భాగించగా నూటముప్పదితొమ్మిది అడుగులు. అనగా ఈ బొమ్మవిమానమును న్యాయముగా నిలుపవలెనన్న, రెండు కొబ్బరిచెట్లను ఒకదానిమీద నొకటి నిలిపినంత ఎత్తున కట్టవలెను. క్రింద నిలువబడిన అయిదడుగుల స్త్రీ ముప్పాతిక అంగుళమునకు కొంచెము మించి ఉండును. ఏడేండ్ల పిల్ల అంతకంటె చిన్నది. అంత ఎత్తునుండి ఆమె కనబడదు. మావాడు ఈ లెక్కను కాగితముమీద రెండుమారులు సరిచూచుకొని, "కనిపించి ఉండవు మామ్మా" అని మెల్లగా చెప్పెను. వారు, "ఆహా" అని ఊరకుండిరి.

ఆ సాయంకాలము పిల్లవాడు తనంత తానే, ఆ డాబాయింటిని కూడ ఇదే కొలతలో చేసెదనని బయలుదేరెను. కాని విమానమునకు కొలతలు పుస్తకములలో దొరకును; ఆ యింటికి ఎవరు చెప్పవలెను? ఆ యిల్లు ఎన్నడో చేతులు మారి, పడగొట్టబడి, మరియొక మేడ లేచినది. కొలతలు మా అత్తగారి జ్ఞాపకములోనే ఉన్నవి. వారికి అడుగులు, అంగుళములు పట్టవు; మూరలు, బారలు. ఇక్కడ మేము మిక్కిలి సంతోషించిన సంగతి యొకటి బయటపడెను. మూర అడుగున్నర, నాలుగు మూరలు బార, అనగా ఆరు అడుగులు. డెబ్బదిరెండవ వంతన్నచో ఆరు అడుగులకు అంగుళమే గదా! ఇంగ్లండువారి విమానపు కొలత సరిగా మన బారకు అంగుళము, మూరకు పాతికంగుళము. ఇక లెక్కతో పనిలేకపోయెను. వారు కన్నులు మూసికొని, "వీధి అరుగు మూడు బారలు. నడవ నాలుగు. అరుగు ఎత్తు నాకు మోకాలి పైకి" అని చెప్పుచుండగా, వాడు పాత శుభలేఖల అట్టలు కత్తిరించి గోడలు నిలిపెను. పిట్టగోడ ఎత్తు చెప్పుటకు వారు లేచి నిలువబడి, ఏడేండ్ల పిల్ల గడ్డము ఎక్కడ ఆనెడిదో చేతితో చూపిరి. పెరటి బావి ఒరకు విరిగిన మందుసీసా మూత కుదిరినది.

డాబామీద వడియములకు ఏమి పెట్టవలెనో తోచలేదు. రెండంగుళముల వడియము డెబ్బదిరెండవ వంతున సూదిమొనవంటిది. ఆవాలు పెద్దవి, నూకలు పెద్దవి. అత్తగారే వంటింటిలోనికి పోయి డబ్బాలు తడిమి, చిటికెడు గసగసాలు తెచ్చిరి. పాత వాయిలుగుడ్డ ముక్క బొటనవ్రేలి గోరంత కత్తిరించి, జిగురు రాచి, నాలుగు వరుసలుగా గసగసాలు అద్దిరి. మావాడు చల్లచిలుకు గొల్లభామ యంత చక్కగా అమ్మమ్మ బొమ్మను కూడ చేసి డాబామీద నిలుపుదుననగా వారు వలదనిరి. "అమ్మ అప్పటికే నన్ను లాక్కుని కిందికి దిగింది. పైన వడియాలే ఉన్నాయి."

సంక్రాంతికి కొలువు తీర్చినప్పుడు యింటిని చివరి మెట్టుమీద పెట్టి, విమానమును దూలమునకు సన్నని దారముతో వ్రేలాడగట్టితిమి. పేరంటమునకు వచ్చిన పిల్లలందరు విమానము క్రిందనే గుమికూడిరి. పెద్దవారు మాత్రము వంగి, "ఈ గుడ్డ మీద తెల్లగా ఉన్నవేమిటమ్మా?" అని అడుగసాగిరి. చెప్పగా, వారిలో బందరునుండి వచ్చిన యొకావిడ తన అత్తవారింట ఆ సంవత్సరము మద్రాసు చుట్టములకు గాదె ఖాళీయైన సంగతి తన అత్తగారు చెప్పుచుండెడివారనిరి. మరియొకావిడ తన తాతగారు రంగూనునుండి నడిచి వచ్చి, గుమ్మములో నిలువబడగా ఇంటివారు బిచ్చగాడనుకొని బియ్యము తెచ్చిరని చెప్పిరి. పసుపు కుంకుమలు, సెనగలు పంచుకొని పది నిమిషములలో లేచిపోవు పేరంటము ఆనాడు దీపములు పెట్టువరకు సాగినది. మావాడు నోటుపుస్తకము తెచ్చికొని మూల కూర్చుండి, ఎవరింటి గుమ్మము ఎన్ని మూరలో అడిగి వ్రాసికొనెను. యుద్ధమునుగూర్చి అడిగినచో "మాకేం తెలుసమ్మా" అనువారు, గుమ్మమును గూర్చి అడుగగా చెప్పుట ఆపలేదు.

ర్యూజో నౌక 1942 ఆగస్టు 24న సాలమన్ దీవుల చెంత అమెరికావారి దాడిలో మునిగిపోయినది. ఆ మాట చెప్పగా మా అత్తగారు, "అందులో ఉన్నవాళ్ళో?" అని మాత్రము అడిగిరి.

వారికి ఆశ్రయమిచ్చిన కోడూరు దగ్గరి ఇల్లును నేడు లేదు. ఆకాశమునుండి రాగల ఆపదకు వెరచి ఏ పల్లెకు పోయి తలదాచుకొనిరో, ఆ పల్లెమీదికి 1977 నవంబరు 19న సముద్రమే లేచి వచ్చెను. ఆ ఉప్పెనలో దివిసీమయందు వేలకొలది జనము పోయిరి. మేనమామగారి యిల్లు పునాదితో సహా కొట్టుకొనిపోయినది. పదునాలుగురకు వండిన పొయ్యి ఎక్కడనుండెనో గుర్తుపట్టలేకపోయిరట. ఇప్పుడు మావాడు ఆ యింటిని మొదలుపెట్టియున్నాడు. అది మట్టిగోడల తాటాకిల్లు, ఏడు బారల పొడవు. ముందు పందిరి, ప్రక్కన ధాన్యపుగాదె, పెరటిలో రెండు పొయ్యిలు. గోడలకు మా పెరటి మట్టినే జల్లించి వాడుచున్నాము. గాదెకు జనపనార చుట్టితిమి. కప్పునకు తాటాకు చీల్చి చూచితిమి కాని ఆ కొలతకు అది మోటుగా కనబడుచున్నది. ఎండిన గడ్డి వంగుటలేదు. ఇందునుగూర్చి అనుభవము గల సోదరీమణు లెవరైన మాకు వ్రాసి తెలిపినచో మా అత్తగారును, మేమును కృతజ్ఞులమై యుందుము.